నిప్పు, పొగ, తడికట్టె

(మా మేనకోడలు ఒక బ్యాంకు శాఖలో ఆఫీసరు. నేను తర్కం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా ఇద్దరికీ ఏ మాటా సూటిగా ముగియదు.)

ఆమె: రికవరీకి ఊళ్లకి వెళ్లే జాబితాలో మళ్లీ నా పేరు లేదు మావయ్యా. "ఆడపిల్లవి, ఎండలో తిరగడం దేనికమ్మా, ఫ్యానుకింద కూర్చుని పని చేసుకో" అన్నారు మేనేజరు గారు. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఆప్యాయంగా అన్నారు. ఏం చెయ్యను?

నేను: ఏమన్నావు?

ఆమె: అలాగే సార్ అన్నాను. రేపు ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఫీల్డు అనుభవం లేదేమని అడిగేదీ ఇలాంటివాళ్లే.

నేను: ఆయన నీ గురించి ఏమీ చెప్పలేదు, గమనించావా? ఆడవాళ్లయితే రికవరీ చెయ్యలేరని ఒక సూత్రం చెప్పాడు. సూత్రాన్ని ఎలా గీటురాయి మీద పెట్టాలో మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పాడు. పొగ ఉంటే నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా?

ఆమె: ఉండదు.

నేను: ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె తగలాలి. రెంటి మధ్యా చెప్పకుండా దూరిన ఆ తడికట్టెని తార్కికులు ఉపాధి అంటారు. ఉద్యోగం అన్న అర్థంలో కాదులే. ఇప్పుడు చెప్పు, ఆడవాళ్లకీ రికవరీకీ మధ్య తడికట్టె ఏది?

ఆమె: బండి లేదు. రైతు పొలం నుంచి ఇంటికొచ్చేది పొద్దువాలాక. అప్పటికి మా వైపు తిరుగు బస్సు ఉండదు. మొండిబాకీల ఇళ్లకి ఒక్కరినే పంపుతారు. దారిలో ఎక్కడా బాత్రూం ఉండదు.

నేను: ఇందులో ఆడతనం ఎంత, బండి ఎంత?

ఆమె: బండీ తోడూ ఇస్తే ఎవరైనా వెళ్తారు. ఆ మాటకొస్తే డ్వాక్రా సంఘాల్లో అప్పు తీసుకునేదీ, కట్టేదీ, కట్టనివాళ్ల గడప ఎక్కి కట్టించేదీ ఆడవాళ్లే కదా.

నేను: అదే నీ ఇనప గుండు! అయితే దాన్ని మేనేజరు నెత్తిన వెయ్యకు. "ఆడవాళ్లని తక్కువగా చూస్తున్నారు" అన్నావో, నాకూ ఇద్దరు కూతుళ్లున్నారమ్మా అని మొదలుపెడతాడు. మాట ఆయన మంచితనం మీదికి పోతుంది, జాబితా అలాగే ఉంటుంది. న్యాయసూత్రాల్లో గౌతముడు వాదం, జల్పం, వితండ అని మూడు చెప్పాడు. నిజం తేలడానికి మాట్లాడేది మొదటిది, గెలవడానికి రెండోది, ఎదుటివాడిది పడగొట్టడానికే మూడోది. నువ్వు వాదానికి పిలువు. "ఏ ఇబ్బంది వస్తుందని నన్ను పంపడం లేదు సార్?" అని అడుగు. కారణం చెప్పగల మనిషిగా చూడటం కన్నా ఎదుటివాడికి ఇచ్చే మర్యాద ఏముంది?

ఆమె: ఆయన జవాబు నేనే చెప్తాను. "నాకేం అభ్యంతరం లేదమ్మా, ఊళ్లోవాళ్లే ఆడమనిషి మాట వినరు."

(ఈ జవాబు దగ్గర కాస్త ఆగాలి. ఆఫీసుల్లో నేను విన్న సాకులన్నిటిలోకీ ఇది గట్టిది.)

నేను: కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో చెప్పుకున్నదీ ఇదే. సైన్యంలో మహిళా అధికారుల కేసు, బబితా పునియాది, 2020 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. జవాన్లలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్లు, ఆడ అధికారి ఆజ్ఞకి వాళ్ల మనసులింకా సిద్ధంగా లేవు అన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. ఆ వాదనలో చిన్నబోయింది ఆడ అధికారులొక్కరే కాదు, పల్లెటూరి జవాను కూడా. తన సంకోచాన్ని అక్కడ లేనివాడి నెత్తిన పెట్టి, తాను మంచివాడిగా మిగలడం ఇందులోని సుఖం.

ఆమె: అంతకుముందు ముత్తమ్మ గారి కేసు కూడా ఉంది కదా?

నేను: 1979లో. విదేశాంగ సర్వీసులో ఆడవాళ్లు పెళ్లికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నియమం మీద సుప్రీంకోర్టు జడ్జి కృష్ణయ్యర్ అడిగింది చిన్న ప్రశ్న. సంసార బాధ్యతలు పనికి అడ్డొస్తే, మగ అధికారికి మాత్రం రావా అని.

ఆమె: సరే. కోపం తెచ్చుకోనంటే ఒకటి అడుగుతాను. మా శాఖలో ఇంకో ఆఫీసరున్నాడు. ఆయన ఫైల్లో తప్పు దొర్లితే "కోటావాళ్లింతే" అని వెనకాల గొణుగుతారు. ఆయన కూడా వెళ్లి తడికట్టె ఏదని వాదానికి పిలవాలా?

నేను: అక్కర్లేదు. వాదానికి ఇద్దరూ సమానంగా కూర్చోవాలి. అక్కడ ఆ సమానత్వాన్నే కాదంటున్నారు. తన యోగ్యతకి తనే రుజువు తెచ్చుకోమనడం రెండో అవమానం. ఎస్సీ, ఎస్టీలని కులం పేరుతో నలుగురిలో దూషిస్తే 1989 నాటి చట్టం ఉంది. అది గొణుగుళ్ల దాకా రాదనుకో. అక్కడ అడగాల్సింది నువ్వు, పక్క సీట్లవాళ్లు. "పోయిన నెల నా ఫైల్లో వచ్చిన తప్పు ఏ కోటాది?" అను.

ఆమె: నాతో టీకి రావడం మానేస్తారు.

నేను: మానేస్తారు.

ఆమె: మరి నా విషయంలో నన్నే వెళ్లి అడగమన్నారేం? నా పక్క సీటువాళ్లకి నోరు లేదా?

(దీనికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. మేనేజరు ఉద్దేశం మంచిదని అనబోయాను. ఉద్దేశం ఎవరిదైనా పోయే ప్రమోషన్ ఈమెదే.)

నేను: ఆ ఆఫీసరు పేరు జాబితాలో ఉందా?

ఆమె: లేదు. "ఆ ఊళ్లో పెద్దిళ్లవాళ్లు ఆయన్ని లోపలికి రానిస్తారో లేదో" అన్నారట.

నేను: మళ్లీ ఊళ్లోవాళ్లే.

ఆమె: ఇద్దరం కలిసి కాగితం రాస్తాం. ఇద్దరిద్దరుగా పంపమని, శాఖ బండి ఇమ్మని, జాబితా వంతులవారీగా వెయ్యమని. భాష మీరు చూసిపెట్టండి.

నేను: చూస్తాను. కుదరదంటే కారణం కాగితం మీద రాసివ్వమన్న వాక్యం మాత్రం చేర్చు. ముందు ఆ ఆఫీసర్ని అడుగు, సంతకం పెడతాడో లేదో.