ఏడ్చు బిడ్డకు పాలియ్యకుండుట ప్రేమయా?



ఆకలితో ఏడ్చు పసిబిడ్డకు పాలియ్యకుండుట న్యాయమా? కాదనియే మనమందరము చెప్పుదుము. అయితే పేగు అడ్డుపడి శస్త్రచికిత్సకై ఆసుపత్రిలో చేరిన బిడ్డకు నర్సు మొట్టమొదట చేయు పని పాలు ఆపుటయే. చూచుచున్న అమ్మమ్మకు అది రాతిగుండెగా తోచును.

హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధినే తీసికొందము. 1886లో హెరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ అను డెన్మార్కు వైద్యుడు దీనిని వివరించెను. సుమారు 5,000 మంది శిశువులలో ఒకరికి ఇది కలుగును. పెద్దపేగు చివర నరముల కణములు లేనందున ఆ భాగము సడలదు. మలము దాని వెనుక నిలిచిపోవును. పుట్టి 48 గంటలైనను నల్లని మొదటి విరేచనము కాకపోయినను, కడుపుబ్బి పసరు వాంతియైనను, ఆముదము పట్టి కాలము గడపకుడి. వెంటనే ఆసుపత్రికి కొనిపోవుడి.

అక్కడ నర్సు ముక్కుగుండ సన్నని గొట్టమును కడుపులోనికి దింపి, నిలిచిన గాలిని పసరును తీయును. నరమునకు సెలైను పెట్టును. వైద్యుడు చెప్పిన ప్రకారము గోరువెచ్చని సెలైనుతో పేగును కడిగి, పోసినంత తిరిగి వచ్చినదో లేదో కొలుచును. బిడ్డ ఒడలు చల్లబడనియ్యదు. అడ్డుపడిన కడుపులో పాలు పోసినయెడల ఉబ్బు హెచ్చును. మత్తు ఇచ్చినప్పుడు అవి పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. అందుచేతనే పాలు ఆపుట.

ఆదికాండము 21వ అధ్యాయములో హాగరు తన కుమారుని మరణము చూడజాలక దూరముగా పోయి కూర్చుండెను. ఆమెకు ప్రేమ లేదందుమా? ప్రేమయున్నది, ఓర్వలేకపోయెను. ఆసుపత్రిలో దాచి రెండు చుక్కల పాలు నోట పిండు అమ్మమ్మకును ప్రేమయున్నది. ఆమెయు ఆ ఏడుపును ఓర్వలేకపోయెను. ఒకరు దూరముగా పోయిరి, ఒకరు లొంగిపోయిరి. ఇద్దరును తమ బాధకే ఉపశమనము వెదకిరి.

మంచి నర్సు ఈ రెండును చేయదు. పాలియ్యదు, విడిచిపోదు. బిడ్డను గుడ్డలో చుట్టి, చప్పరించుటకు పాలులేని తిత్తినిచ్చి, తల్లి చేతిని బిడ్డ తలపై ఉంచును. తల్లిపాలు పిండించి, శస్త్రచికిత్స తరువాతి దినములకై భద్రపరచును. ఇయ్యకుండుటకు అధికారము గలవారు దగ్గర నిలుచుటకు బద్ధులు. దగ్గర నిలువక ఇయ్యకుండుట కాఠిన్యమే.

కనుక సహోదరులారా, మన సంఘములో ఎవరి బిడ్డయైన ఇట్లు ఆసుపత్రిలో ఉన్నయెడల, ఆ బాలింతకు అన్నము కొనిపోవుడి, ఆమె ఇంటి పశువులకు మేత వేయుడి. పాలు పట్టుమని మాత్రము ఆమెను తొందరపెట్టకుడి. ఆమె ప్రక్కన కూర్చుండుడి.