ఉల్లిగడ్డకు జరిగిన ఉత్సవము



వైశాఖమున అక్షయతృతీయ సమీపించగానే ఓరుగల్లు ప్రాంతమున బసవ జయంతి సన్నాహములు మొదలగును. దాసోహము, ఊరేగింపు, ప్రవచనము అను పనులకై పదిమంది కూడుదురు. వారిలో బియ్యము ఎన్ని బస్తాలు పట్టునో కంటిచూపుతోనే చెప్పగల పెద్ద ఒకరు. పైసకు పైస పుస్తకమున ఎక్కనిదే నిద్రపట్టని ఉద్యోగి ఒకరు. సెల్‌ఫోనులోనే పది పనులు చక్కబెట్టి, సభకు మాత్రము ఆలసించి వచ్చు యువకుడొకడు. వంటశాలలోని తల్లులు సభకే రారు. వారు లేనిదే విస్తరి పడదు. జయంతి చక్కగానే జరిగిపోవును. చెడునవి మనస్సులు. “నన్ను లెక్క అడిగినాడు” అని పెద్ద, “ఒక్కమాట చెప్పక కొన్నాడు” అని పిన్న. మరుసటి యేడు ఒకే బసవన్నకు రెండు పందిళ్ళు లేచును. సిద్ధాంతభేదము వలన విడిపోయిరన్నచో కొంత అర్థము కలదు. పని చేయు తీరులోని భేదము చేతనే విడిపోవుట విచారకరము.

ఈ వ్యాధి కల్యాణ పట్టణమునందును తలచూపినది. దానిని దాచక చెప్పినవాడు ఈ ప్రాంతపు కవియే. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి ఆయన పేరిటనే ప్రసిద్ధము. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య కథ కలదు. కిన్నెర వాయించి శివుని కొలిచిన ఆ భక్తుడు ఉల్లిగడ్డలను సిద్ధపరచుచుండగా బసవేశ్వరునకు ఆ వాసన సరిపడలేదు. నోటివెంట ఈసడింపుమాట వెడలినది. బ్రహ్మయ్య వాదించలేదు. కల్యాణమునే విడిచిపోయెను.

బసవేశ్వరుడు బిజ్జలుని భండారి. “ఉల్లిని అంటిని గాని నిన్ను అనలేదు గదా” అని యుండవచ్చును. లోకమున అందరును అనునది ఆ మాటయే. ఆయన అట్లనలేదు. శివభక్తుడు చేపట్టిన వస్తువును నిందించుట అతని పూజను నిందించుటయే యని గ్రహించి, ఉల్లిగడ్డలను తెప్పించి, వానికి పూజ చేసి, ఉత్సవము జరిపించి, బ్రహ్మయ్యను వేడుకొని వెనుకకు తెచ్చుకొనెను. పెద్ద పీటపై నున్నవాడే ముందు లేచి వెళ్ళినాడు. ఆ పిదప బసవేశ్వరునకు ఉల్లివాసన నచ్చెనా యని ఎవరైన అడుగవచ్చును. నచ్చవలసిన అగత్యము లేదు. క్షమాపణకు అభిరుచి మారనక్కరలేదు.

కాయకమే కైలాసమని నమ్మువారికి ఇందులో సూక్ష్మమొకటి కలదు. కాయకము పూజయైనచో, దానిని చేయు తీరు ఆ భక్తుని పూజావిధానమగును. మడివాళ మాచయ్య బట్టలుతికెను. నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. సొన్నలిగె సిద్ధరామయ్య పెక్కుమంది కూలీలతో చెరువు త్రవ్వించుచుండగా అల్లమప్రభువు వచ్చి, ఆ బాహ్యకర్మనే ప్రశ్నించెను. చెరువుల విలువ ఎరిగిన ఈ కాకతీయుల గడ్డపై ఎవరికైనను సిద్ధరామయ్య పక్షము వహింపబుద్ధి పుట్టును. అయినను ఆ ఇరువురును పిదప కల్యాణమున ఒకే అనుభవమంటపమున కూర్చుండిరి.

అట్లని అన్ని తీరులును సమ్మతమే యని చేతులు ముడుచుకొనరాదు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యము కంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ అది చూచి, అధికమును మరల అచ్చటనే పోసి రమ్మనెను. మారయ్య దానిని అవమానముగా ఎంచలేదు. దాసోహపు సొమ్మునకు లెక్క అడుగుట భక్తిలోని భాగమే. అడుగు పుస్తకమును, అడుగబడు పెద్దయు ఈ కథను కలిసి చదువుట మంచిది. తీరు ఎవరిది వారిదే. సొమ్ము మాత్రము జంగమునిది.

హనుమకొండ వేయిస్తంభముల గుడిని చూడని వారు ఈ ప్రాంతమున అరుదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ ఆలయపు కల్యాణమండపము శిథిలమగుటచే 2006లో రాతికి రాయి విప్పిరి. తిరిగి కూర్చి భక్తులకు తెరచినది 2024 మార్చి 8న, మహాశివరాత్రినాడు. పదునెనిమిది యేండ్లు! శిల్పి చేతివాటమును నమ్మును, ఇంజనీరు గణితమును నమ్మును, పురావస్తు శాఖవారు పాత రికార్డును నమ్ముదురు. ఏ రాయి ఏ చోటిదో గుర్తు పెట్టి, ఆ చోటనే నిలుపవలసి యుండెను. స్తంభమును దూలముగ మార్చినచో పైకప్పు నిలువదు. లెక్కలు వ్రాయువానిని పందిరి గుంజలు పాతుమనుటయు, కంటి అంచనా గల పెద్దను చీటీలకై నిలబెట్టుటయు అట్టిదే.

రాబోవు జయంతికి తొలి సభ పిలుచునపుడు, అలిగి రాని పెద్ద ఒకరు ఏ ఊరనైనను ఉందురు. ఆయనకు ఫోను చేయుట చాలదు. అధ్యక్షుడే ఆ ఇంటికి నడచి వెళ్ళవలెను. వెంట పుస్తకము పట్టిన యువకుని తీసికొని పోవలెను. “తాతా, వేయి విస్తళ్ళకు బియ్యమెంత, పప్పెంత, మీరు చెప్పుడు, నేను వ్రాసికొందును” అని ఆ యువకుడు అరుగుపై కూర్చుండవలెను. వంటశాల తల్లులలో ఒకరు కూడ ఉన్నచో ఉప్పు సంగతి వారే చెప్పుదురు.