ఉదాత్తగుణమే దోషమైన వేళ: గ్రీకు విషాదనాయక భావన – చీరాల పేరాల ఉద్యమంలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

వ్యాస సంగ్రహం:
విషాదనాయకుని పతనానికి అతనిలోని ఒక లోపాన్ని కారణంగా చూపడం సాహిత్య విమర్శలో పరిపాటి. ఆ లోపం ఉదాత్తగుణానికి భిన్నమైనదా, లేక ఒకే గుణం సందర్భాన్ని బట్టి రెండుగా కనిపిస్తుందా అనే ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1921 నాటి చీరాల పేరాల ఉద్యమాన్నీ, దాని నాయకుడైన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యనూ ఇందుకు నిదర్శనంగా గ్రహిస్తుంది.

కీలక పదాలు: విషాదనాయకుడు, హమార్తియా, ఉదాత్తత, ప్రమాదం, చీరాల పేరాల, నైతిక బాధ్యత.

ప్రవేశిక:
వాడరేవు తీరానికి కొద్ది మైళ్ల దూరంలోని చీరాల, పేరాల గ్రామాల ప్రజలు 1921లో తమ ఇళ్లు విడిచి ఊరి పొలిమేర దాటారు. సుమారు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా తరలివెళ్లి, రామనగర్ అని పేరు పెట్టుకున్న పాకల ఊరిలో దాదాపు పదకొండు నెలలు కాపురమున్నారు. వారిని నడిపిన నాయకుడు ఆ కాలంలోనే చెరసాల పాలయ్యాడు. ప్రజలు తిరిగి పాత ఇళ్లకు చేరక తప్పలేదు. ఈ పరిణామాన్ని చరిత్రకారులు సహాయ నిరాకరణోద్యమంలో ఒక ఘట్టంగా వివరించారు. ఇందులో ఒక నైతిక ప్రశ్న కూడా ఉంది. ఉదాత్తుడైన నాయకుని సంకల్పం విఫలమైనప్పుడు ఆ వైఫల్యాన్ని అతని దోషంగా లెక్కించవచ్చునా? గ్రీకు విషాదనాటకం చర్చించిన ప్రశ్నకు ఇది అతిసమీపమైనది.

1. హమార్తియా: దోషమా, ప్రమాదమా?
అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో విషాదనాయకుని మధ్యస్థునిగా నిర్వచించాడు. అతడు సర్వసద్గుణ సంపన్నుడు కాడు, దుర్మార్గుడూ కాడు. అతని పతనం దుష్టత్వం వల్ల కాక ‘హమార్తియా’ వల్ల సంభవిస్తుంది. గురి తప్పడం అనే అర్థమున్న ధాతువు నుండి ఆ పదం పుట్టింది. దానిని శీలంలోని లోపంగా వ్యాఖ్యానించే సంప్రదాయం తరువాతి కాలంలో బలపడింది. తెలుగులో ‘దోషం’ అనే అనువాదం ఈ రెండవ అర్థాన్నే స్ఫురింపజేస్తుంది. ఏమరుపాటు, పొరపాటు అనే పూర్వార్థంలో ‘ప్రమాదం’ అనే మాట మూలానికి మరింత చేరువగా ఉంటుంది.

సోఫోక్లీసు సృష్టించిన ఈడిపస్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. తీబ్స్ నగరాన్ని పీడిస్తున్న మహమ్మారికి కారకుడైన హంతకుని కనుగొనాలని అతడు పట్టుబడతాడు. ఎవరు వారించినా విచారణ ఆపడు. ఆ పట్టుదలే ప్రజాక్షేమం కోరే రాజుగా అతని ఔన్నత్యం. తానే ఆ హంతకుడనే సత్యం దాకా నడిపించి అతనిని కూల్చినదీ అదే. సత్యాన్వేషణ మానుకుంటే అతడు బతికిపోయేవాడు, కాని ఉదాత్తుడు కాకపోయేవాడు. ఇక్కడ గుణం నుండి దోషాన్ని విడదీయడం సాధ్యం కాదు.

భారతీయ నాట్యశాస్త్ర సంప్రదాయం ధీరోదాత్తాది నాయక భేదాలను విస్తృతంగా వివరించింది. కాని నాయకుని ప్రమాదాన్ని కథానిర్మాణానికి మూలసూత్రంగా స్వీకరించలేదు. భాసుని ఊరుభంగం వంటివి అరుదైన మినహాయింపులు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల విషాద సారంగధరలోనూ నాయకుడు నిర్దోషి. అక్కడ విషాదం అన్యాయం నుండి పుడుతుంది. అందుచేత గుణమే ప్రమాదమయ్యే నాయకుని కోసం తెలుగు చరిత్రను పరిశీలించడం సముచితం.

2. గోపాలకృష్ణయ్య: గుణమే ప్రమాదమైన తీరు
గోపాలకృష్ణయ్య 1889లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించాడు. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివాడు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించగా, అది 1917లో వెలువడింది. ఆయన తీర్చిదిద్దిన రామదండు క్రమశిక్షణ గల స్వచ్ఛంద సేవాదళం.

చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘంగా మార్చినప్పుడు, ఏటా 4 వేల రూపాయలుగా ఉన్న పన్ను భారం 40 వేలకు పెరిగింది. 1921 ఏప్రిల్ 6న చీరాల వచ్చిన గాంధీజీ రెండు మార్గాలు సూచించారు. ఊరిలోనే ఉండి అహింసాయుతంగా పన్ను నిరాకరించడం మొదటిది, ఊరు విడిచి వెళ్లడం రెండవది. ఏ మార్గమైనా ప్రజలు స్వశక్తితోనే నడవాలి. గోపాలకృష్ణయ్య రెండవదానిని ఎంచుకున్నాడు. హింసకు తావులేనిది, ప్రభుత్వాధికారాన్ని పూర్తిగా శూన్యం చేసేది అదే. నైతికంగా అది ఉన్నతమైన మార్గం.

ఆ ఔన్నత్యానికి చెల్లించవలసిన మూల్యం మాత్రం ఇంటింటికీ వేరు. చీరాల నేతపనికి పేరొందిన ప్రాంతం. గుంతమగ్గం నేలలో తవ్వి అమర్చినది. ఇల్లు విడవడమంటే నేతగాడికి నీడతో పాటు జీవనాధారాన్నీ కదిలించుకోవడం. త్యాగాన్ని సహజస్థితిగా భావించిన నాయకుడు ప్రజల ఓర్పును తన ఓర్పుతో కొలిచాడని చెప్పవచ్చు. రామనగరాన్ని నిలబెట్టేందుకు నిధుల కోసం పర్యటిస్తూ, నిషేధాజ్ఞను ధిక్కరించి బరంపురంలో ప్రసంగించినందుకు ఆయనకు ఒక సంవత్సరం కారాగారశిక్ష పడింది. ఆయన స్థానాన్ని భర్తీ చేయగలవారు లేక ఉద్యమం సడలింది. వేలమందిని ఒక్క మాటపై నడిపించిన వ్యక్తిత్వమే ఆ ఉద్యమాన్ని ఆయనపై ఆధారపడేలా చేసింది. ప్రమాదం ఇక్కడే ఉంది. ఆయన బలహీనతలో దానిని వెదకడం వృథా.

3. ఆక్షేపణలు, సమాధానాలు
ఈ వ్యాఖ్యానంపై రెండు ఆక్షేపణలు సహజం. మొదటిది: పన్నును పదిరెట్లు చేసిన ప్రభుత్వాన్ని విడిచి నాయకునిలో ప్రమాదం వెదకడం అన్యాయం. ఇది బలమైన ఆక్షేపణ. ‘లోపం’ అనే మాట విమర్శకునికి ఒక సుఖాన్నిస్తుంది. పతనానికి కారణం పతితునిలోనే దొరికితే, అధికారాన్ని ప్రశ్నించే అవసరం తప్పిపోతుంది. కాబట్టి హమార్తియాను అపరాధంగా గాక ప్రమాదంగా గ్రహించాలి. అలా గ్రహించినప్పుడు ప్రభుత్వ అపరాధం అపరాధంగానే మిగులుతుంది.

రెండవది: ఊరు విడిచినవారు తమ ఇష్టంతోనే వెళ్లారు గనుక నాయకునికి వారి కష్టాలతో పూచీ లేదు. సమ్మతి నిజమే. వారిని కేవలం అనుచరులుగా చూడడం వారి ధైర్యాన్ని తక్కువ చేయడమే. అయినా సమ్మతి పిలిచినవాని బాధ్యతను రద్దు చేయదు. ఆ పిలుపు ఎంత ఉన్నతమైనదైతే కాదనడం అంత కష్టం. ఉదాత్తతకు గల ఈ బలవంతపు శక్తిని నీతిశాస్త్రం లెక్కలోకి తీసుకోవాలి.

4. కోరస్ ఎక్కడికి వెళ్లింది?
గ్రీకు విషాదంలో కోరస్ అనే పౌరబృందం సాధారణంగా నాయకుని పతనాన్ని చూసి శోకించి, వ్యాఖ్యానించి, రంగం నుండి నిష్క్రమిస్తుంది. నాయకుని వలె కూలిపోదు. చీరాలలో అలా జరగలేదు. పాకలలో ఎండావానలకు ఓర్చినదీ, తిరిగివచ్చి పన్ను చెల్లించినదీ ఆ బృందమే. నాయకుడు తాను కోరిన త్యాగానికి మించి చెల్లించాడు. 1928 జూన్ 10న, 39 ఏళ్ల వయసులో, పేదరికంలో క్షయవ్యాధితో మరణించాడు. తాను చేయని త్యాగాన్ని ఇతరులను కోరలేదన్నది ఆయన ఉదాత్తతకు తిరుగులేని సాక్ష్యం. అయితే కష్టాన్ని పంచుకోవడం వేరు, ఇతరుల కష్టాన్ని తీర్చడం వేరు. మొదటిది ఆయనకు గౌరవం తెచ్చింది. రెండవది ఎవరి వల్లా కాలేదు.

ముగింపు:
చీరాల నిదర్శనం గ్రీకు భావనను ఒకచోట సమర్థిస్తుంది, మరొకచోట సవరిస్తుంది. ఉదాత్తగుణం, విషాదహేతువు ఒకే మూలం నుండి పుడతాయన్నది సమర్థన. సామూహిక ఉద్యమంలో విషాదం నాయకునికే పరిమితం కాదన్నది సవరణ. ఫలితాన్ని బట్టి గోపాలకృష్ణయ్యను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆయన ఔన్నత్యాన్ని కీర్తిస్తూ రామనగర్ కష్టాలను ఆ కీర్తికి అలంకారం చేయడమూ న్యాయం కాదు. ఈడిపస్ నాటకంలో సత్యాన్ని గుర్తించే ఘట్టం నాయకునిది. చీరాలలో అది పదకొండు నెలల తరువాత ఇంటి తలుపు తెరిచిన సామాన్యులది. వారి వైపు నుండి ఈ కథను చదివినప్పుడే నాయకుని గుణం, దాని మూల్యం రెండూ సరిగా తూగుతాయి.