గోడలును జ్ఞాపకమును

కళాకారులు నివసించిన పేట మాఱిపోవుచున్నపుడు దాని యిండ్లనైన కాపాడవలెనని పెద్దలు చెప్పుదురు. మంచిదే. కాని యిండ్లు నిలిచినంత మాత్రమున జ్ఞాపకము నిలిచినట్లగునా? పారిసు నగరములోని మోమార్త్రు పేట చరిత్రను విచారించినచో ఈ సంశయము కొంత తీరును.

గాలిమరలును ద్రాక్షతోటలును గల ఈ కొండపల్లె 1860లో పారిసు నగరమున చేర్చబడెను. అద్దె తక్కువగుటచే పేద చిత్రకారులచ్చట చేరిరి. 1904లో పికాసో వచ్చి 'బతో లవ్వార్' అను శిథిలమైన కొయ్యకట్టడమున కాపురముండెను. అందలి వారందఱికిని కుళాయి యొక్కటే. 1969లో ప్రభుత్వమువారు దానిని రక్షిత కట్టడముగా ప్రకటించిరి. 1970 మే నెలలో అది కాలిపోయెను. 1978లో మరల కట్టిరి గాని, కొయ్యకు బదులు కాంక్రీటు వచ్చినది. గోడలనే నమ్ముకొన్న జ్ఞాపకమున కిది హెచ్చరిక.

ఆ పేట చరిత్రను సేకరించుటకు 1886లోనే యొక సంఘము వెలసినది. కోర్తో వీధి 12వ యింట 1960లో మ్యూజియము తెఱచిరి. 1876లో రెన్వారు చిత్రములు వ్రాసిన దా యింటనే. పిమ్మట సుజాన్ వాలదోన్ అను స్త్రీయు నచ్చట నివసించెను. బట్టలుతికి జీవించిన తల్లికి ఆమె 1865లో పుట్టినది. చిత్రకారుల యెదుట కూలికి కూర్చుండి, వారి చేతిపనిని కనిపెట్టి, తానే చిత్రకారిణి యయ్యెను. 1938లో మరణించిన ఆమె పనిగదిని 2014లో పూర్వరూపమున నమర్చిరి.

"చిత్రములుండగా ఈ దరిద్రపు కథలేల?" అని కొందఱడుగుదురు. రెన్వారు చిత్రమున పనివారి ఆదివారపు నృత్యము కలదు. సోమవారపు చాకిరి లేదు. వాలదోన్ తల్లి చేతులు ఆ చిత్రమున మనకు కానరావు. ఆ చేతులు లేనిదే ఆ కుమార్తె లేదు. ఆకలిని సౌందర్యమని పొగడుట అసత్యము. దానిని దాచుట కృతఘ్నత. రెంటిని విడిచి, ఉన్నదున్నట్లు చెప్పుటయే ధర్మము.

మఱియొక మాట. చౌక యద్దెలు కళాకారులను పిలిచినవి. కళాకారుల కీర్తి యాత్రికులను పిలిచినది. నేడా కొండపై అద్దెలు మిన్నంటినవి. చాకలి స్త్రీ బిడ్డ యొకతె నేడు కుంచె పట్టదలచినచో ఆమెకచ్చట గది దొరకుట కష్టము. గతించిన వాలదోన్ గదిని అలంకరించి, రాబోవు వాలదోన్‌కు తలుపు మూయుట స్మారకమగునా? మనము గతించినవారికి ఋణపడియున్నామనుట నిజమైనచో, ఆ ఋణము గోడలకు చెల్లదు. వారివలెనే నేడు కష్టపడువారికి చెల్లింపవలెను. మన పట్టణములలో పాత పేటలను తలచుకొనువారును ముందుగా యోచింపదగిన దిదియే.