తీర్పు లేని తగవు

మా బాబాయి సివిల్ జడ్జీగా రిటైరయ్యారు. నేను తెలుగు, ఇంగ్లీషు వికీపీడియాల్లో రాస్తుంటాను. జీతం లేని పనికి ఇంత రాద్ధాంతం ఎందుకని ఆయన అడుగుతారు. జడ్జీ లేని చోట తగవులు ఎలా తెగుతాయో చూడమని నేనంటాను. ఈ విషయం మీద మా మధ్య నడిచిన మాటలను, తేలినవాటినీ తేలనివాటినీ కలిపి, ఒక వరుసలో పెడుతున్నాను.

బాబాయి: ఒకే పేజీ మీద ఇద్దరు పట్టుబట్టారనుకో. ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేస్తున్నారు. నిజం ఎవరి పక్షాన ఉందో తేల్చేదెవరు?

నేను: ఎవరూ తేల్చరు బాబాయ్.

బాబాయి: తేల్చకుండా తగవు తీరిందని ఎలా అంటావు?

నేను: ముందు కొట్లాట ఆగాలి కదా. ఒకరు చొరవచేసి పేజీ మారుస్తారు. నచ్చనివాళ్లు ఆ మార్పును వెనక్కి తిప్పుతారు. అక్కడితో ఇద్దరూ ఆగి చర్చ పేజీకి రావాలి. రాకుండా తిప్పుతూనే ఉంటే దాన్ని దిద్దుబాటు యుద్ధం అంటాం. ఇంగ్లీషు వికీపీడియాలో 2004 నుంచీ ఒక కట్టడి ఉంది. ఒక పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఎదుటివారి పని వెనక్కి తిప్పినవాళ్లను నిర్వాహకులు రాయకుండా నిరోధించవచ్చు. ‘నేను చెప్పిందే నిజం’ అన్న జవాబు అక్కడ చెల్లదు.

బాబాయి: అది ఇంజంక్షన్ ఆర్డరు. దావా ఎవరు గెలుస్తారో తేలకముందే ఇద్దరినీ గట్టు దాటొద్దనడం. బాగానే ఉంది. విచారణ ఎక్కడ?

నేను: చర్చ పేజీలో కుదరకపోతే ఆ గొడవతో సంబంధం లేని మూడో మనిషిని పిలవచ్చు. అప్పటికీ తెగకపోతే నలుగురి అభిప్రాయాలూ అడుగుతాం. మామూలుగా ఒక నెల చర్చ నడుస్తుంది. అన్నిటికంటే పైన, ఇంగ్లీషు వికీలో, మధ్యవర్తిత్వ సంఘం ఒకటుంది. సభ్యుల్ని రాసేవాళ్లే ఎన్నుకుంటారు. అయితే ఆ సంఘం మనుషుల ప్రవర్తన మీద మాత్రమే నిర్ణయం చెబుతుంది. పేజీలో ఏ వాక్యం ఉండాలన్న సంగతి ముట్టుకోదు.

బాబాయి: అంటే హాల్లో అల్లరి చేసినవాణ్ణి బయటికి పంపడానికి సుప్రీంకోర్టు ఉంది, దావా వినడానికి మాత్రం మున్సిఫ్ కోర్టు కూడా లేదు!

నేను: కావాలనే పెట్టుకోలేదు. ఎవరో పదిమంది కూర్చుని చరిత్ర మీద, వైద్యం మీద, మతం మీద తీర్పులు చెబితే వినాల్సిన అవసరం మిగతావాళ్లకేంటి?

బాబాయి: సరే, సాక్ష్యం దగ్గరికి రా. నోటిమాట సాక్ష్యమైతే అది ప్రత్యక్షంగా ఉండాలని 1872 నాటి చట్టం చెప్పింది. చూసినవాడే బోనెక్కి చూశానని చెప్పాలి. ఎవరో చెబితే విన్నానంటే కుదరదు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో కొత్త చట్టం వచ్చినా ఈ సూత్రం అలాగే ఉంది. మీ దగ్గరో?

నేను: మా దగ్గర తలకిందులు. చూసినవాడు స్వయంగా వచ్చి చెప్పినా తీసుకోం. ఆ మాట నమ్మదగినచోట అచ్చయి ఉండాలి. అమెరికన్ నవలా రచయిత ఫిలిప్ రాత్ ఉదంతమే చూడండి. ఆయన ‘ది హ్యూమన్ స్టెయిన్’ నవలకు అనటోల్ బ్రోయార్డ్ అనే రచయిత జీవితం ప్రేరణ అయి ఉండొచ్చని వికీపీడియా పేజీలో ఉంది. అది తప్పని రాత్ తన తరఫు మనిషితో చెప్పించారు. రచయిత మాట ఒక్కటే చాలదని, బయట ప్రచురితమైన ఆధారం కావాలని జవాబొచ్చింది. ఆయన 2012 సెప్టెంబరులో ‘న్యూయార్కర్’ పత్రికలో బహిరంగ లేఖ రాశారు. ప్రిన్స్‌టన్‌లో పాఠాలు చెప్పిన తన మిత్రుడు మెల్విన్ ట్యూమిన్‌కు ఎదురైన అనుభవమే ఆ నవలకు మూలమని అందులో చెప్పారు. ఆ లేఖ అచ్చయ్యాక దాన్నే ఆధారం చేసుకుని పేజీలో ఆయన మాట రాశారు.

బాబాయి: పుస్తకం రాసినవాడి మాట పుస్తకం గురించి చెల్లలేదు, అదే మాట పత్రికలో పడితే చెల్లింది. ఇదెక్కడి న్యాయమమ్మా?

నేను: మీ బోనులో నిలబడిన సాక్షి ఎవరో మీకు తెలుసు. ప్రమాణం చేస్తాడు. అవతలి వకీలు అడ్డుప్రశ్నలు వేస్తాడు. అబద్ధమాడితే శిక్ష ఉంటుంది. మాకవేవీ లేవు. ‘నేను ఫలానా’ అని రాసినవాడు నిజంగా ఫలానానో కాదో తెలుసుకునే దారి లేదు. మనిషిని పరీక్షించలేని చోట అందరూ తెరిచి చూసుకోగల కాగితాన్ని పరీక్షిస్తాం. పైగా తన పుస్తకానికి ప్రేరణ ఏమిటో చెప్పే రచయిత సాక్షి మాత్రమే కాదు, కక్షిదారు కూడా.

బాబాయి: ఆ చివరి మాట ఒప్పుకుంటాను. కానీ దాని ఫలితం చూడు. నిజమేమిటని మీరు అడగడం మానేశారు. ఎక్కడ అచ్చయిందని మాత్రమే అడుగుతున్నారు. అచ్చయిన అబద్ధాలు తక్కువా?

నేను: నిజాన్ని వదిలేయలేదు, నిజం మేం తేలుస్తామన్న పట్టుదల వదిలేశాం. పండితులు ఏకమైన చోట సూటిగా రాస్తాం. వాళ్లే విడిపోతే వాక్యం కూడా విడిపోతుంది. ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు కాదన్నారు అని రాస్తాం. అప్పుడు మా ఇద్దరికీ పేచీ ఉండదు. ఎందుకంటే వాళ్లలా అన్నారన్నది ఇద్దరమూ ఒప్పుకునేదే.

బాబాయి: ఈ ఉపాయం బాగుంది. అయితే భూమి బల్లపరుపుగా ఉందనేవాడికీ ఒక వాక్యం ఇవ్వాలిగా?

నేను: అక్కర్లేదు. తటస్థత అంటే అందరికీ సమానంగా పంచడం కాదు. నమ్మదగిన మూలాల్లో ఏ అభిప్రాయానికి ఎంత చోటుందో పేజీలోనూ అంతే చోటు. చంద్రుడి మీద మనిషి దిగలేదనే వాదానికి దాని సొంత పేజీ ఉండొచ్చు గానీ, చంద్రుడి పేజీలో సగం అడగకూడదు.

బాబాయి: పొలమైతే ఇద్దరికీ పంచొచ్చు. వాక్యాన్నీ పంచొచ్చన్నావు. పంచడానికి వీల్లేనివి ఉంటాయి కదా? పేజీకి పేరు ఒకటే పెట్టాలి. అక్కడ ఏం చేస్తారు?

నేను: అసలు చిక్కు అక్కడే. బాల్టిక్ తీరాన ఒక రేవు నగరం ఉంది. పోలిష్‌లో గ్డాన్స్క్, జర్మన్‌లో డాంజిగ్. ఇప్పుడు పోలండ్‌లో ఉంది. శతాబ్దాల తరబడి అక్కడ జర్మన్ మాటలే ఎక్కువగా వినిపించేవి. ఇంగ్లీషు వికీలో ఏ కాలానికి ఏ పేరు వాడాలన్న దాని మీద ఎడతెగని తిప్పుళ్లు జరిగాయి. చివరికి 2005 మొదట్లో ఓటు పెట్టారు. 1308కి ముందు గ్డాన్స్క్, 1308 నుంచి 1945 దాకా డాంజిగ్, ఆ తర్వాత మళ్లీ గ్డాన్స్క్ అని తేలింది. జీవితచరిత్రల్లో, మనిషి స్పష్టంగా జర్మన్ అయితే డాంజిగ్ ముందు, పోలిష్ అయితే గ్డాన్స్క్ ముందు, రెండో పేరు పక్కన.

బాబాయి: ఓటుతో సత్యం తేలదని ఇంతసేపూ అన్నది నువ్వేగా?

నేను: సత్యం మీద కాదు ఓటు. ఆ ఊరికి రెండు పేర్లూ ఉన్నాయన్నది ఎవరూ కాదనలేదు. ఏది ఎక్కడ రాయాలన్నదే ప్రశ్న. దానికి ముందే సిద్ధంగా ఉన్న సరైన జవాబంటూ లేదు, ఒప్పందం చేసుకోవాలంతే. అందుకే మామూలు చర్చల్లో తలలు లెక్కపెట్టకూడదంటాం. ఎవరి కారణం నిలుస్తుందో చూసి ఏకాభిప్రాయానికి రావాలంటాం. కారణాలు రెండు వైపులా సమానంగా నిలిచిపోయినప్పుడే ఓటు దాకా వెళ్లాలి.

బాబాయి: ఓటు కూడా అక్కర్లేని పద్ధతి ఒకటి మా దగ్గరుంది. ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్లదగ్గరే ఉండనివ్వడం.

నేను: మాకూ ఉంది. బ్రిటిష్ స్పెల్లింగు, అమెరికన్ స్పెల్లింగు అని పేచీ వస్తే, విషయానికి ఒక దేశంతో గట్టి సంబంధం లేకపోతే, పేజీ మొదట ఏ పద్ధతిలో రాశారో అదే ఉండనివ్వాలి. అయినా ఇంగ్లీషులో ‘యోగర్ట్’ (పెరుగు) పేజీ పేరులో ఒక్క ‘హెచ్’ అక్షరం ఉండాలా వద్దా అన్న గొడవ 2003లో మొదలై 2011 దాకా సాగింది. 2012 చివరి నుంచి ఒక ‘స్టార్ ట్రెక్’ సినిమా పేరులోని ‘ఇన్‌టు’ను ఇంగ్లీషు పెద్దక్షరంతో మొదలుపెట్టాలా చిన్నక్షరంతోనా అని వాదించుకున్న మాటలు 40,000 దాటాయి.

బాబాయి: నవ్వకు. మా కోర్టులో గజం స్థలం కోసం రెండు తరాలు తిరిగినవాళ్లున్నారు. వాళ్లలో కొందరు ఓడిపోయి ఆగలేదు, ఓపిక చచ్చి ఆగారు. మీ ఏకాభిప్రాయం కూడా ఓపిక ఉన్నవాడి అభిప్రాయం కాదని ఎలా చెబుతావు? ఉద్యోగం, పిల్లలు, వంట ఉన్న మనిషి 40,000 మాటల చర్చలో చివరిదాకా కూర్చుంటుందా? మిగిలినవాళ్లు ఒకటయ్యామంటే, లేచిపోయినవాళ్లు ఒప్పుకున్నట్టా?

నేను: ఆ ప్రశ్నకు మా నియమాల్లో పూర్తి జవాబు లేదు. ఇంతకంటే ఘోరం కూడా జరిగింది. క్రొయేషియన్ వికీపీడియాలో కొందరు నిర్వాహకులు దాదాపు పదేళ్లు పట్టు బిగించారు. కాదన్నవాళ్లను నిరోధించారు. రెండో ప్రపంచయుద్ధ కాలపు ఉస్తాషా అనే ఫాసిస్టుల పాలన నేరాలను తక్కువ చేసి చూపే రాతలు అక్కడ నిలబడ్డాయి. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2021లో ప్రచురించిన పరిశీలనలో ఇదంతా బయటికొచ్చింది. ఆ చర్చ పేజీల్లో చాలాచోట్ల ఏకాభిప్రాయమే కనిపిస్తుంది బాబాయ్. కాదనేవాణ్ణి వెళ్లగొట్టాక మిగిలేది అదేగా.

బాబాయి: అదీ అసలు మాట. చరకసంహితలోని విమానస్థానం అనే భాగంలో చరకుడు వైద్యుల చర్చలు రెండు రకాలని చెప్పాడు. కలిసి తెలుసుకోవడానికి చేసేది ఒకటి, ఎదుటివాణ్ణి ఓడించడానికి చేసేది ఇంకొకటి. రెండోదానికి కావాల్సిన ఎత్తులు కూడా దాచకుండా రాశాడు. మీరేమో ఎదుటివాడు సద్భావంతోనే వచ్చాడనుకోమని నియమం పెట్టి, రెండో రకం లేనట్టు నటిస్తున్నారు.

నేను: నటించడం లేదు. సద్భావం మొదటి అంచనా మాత్రమే, ఎదురు రుజువు వస్తే పోతుంది. ఇంగ్లీషు వికీలో మన కులాల పేజీలే సాక్ష్యం. తమ కులానికి క్షత్రియత్వం కావాలనేవారు, పొరుగు కులాన్ని తగ్గించాలనేవారు గుంపులుగా వచ్చేసరికి, దక్షిణాసియా సామాజిక వర్గాల పేజీలకు 2012లో ప్రత్యేక కట్టుబాట్లు పెట్టాల్సొచ్చింది. అక్కడ హద్దు మీరితే మామూలు పేజీల కంటే త్వరగా చర్య తీసుకుంటారు.

బాబాయి: అది వేలమంది చూసే ఇంగ్లీషులో. 2003లో మొదలైన తెలుగు వికీలో చురుగ్గా రాసేది కొద్దిమంది అంటావుగా. అక్కడ మూడో మనిషి ఎక్కణ్నుంచి వస్తాడు?

నేను: చాలాసార్లు రాడు. అందరూ మాట్లాడుకునే రచ్చబండ పేజీలో పెడతాం. అక్కడున్నవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. తెలిసినవాళ్ల మధ్య మర్యాద ఎక్కువ, కాదనే ధైర్యం తక్కువ. మధ్యవర్తిత్వ సంఘమూ లేదు. చిన్న వికీకి అసలు ప్రమాదం గొడవలు కావు, గొడవ పడాల్సిన చోట ఎవరూ పడకపోవడం.

బాబాయి: అయితే విను. కోర్టుకు ముగింపు కావాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 11వ సెక్షన్ పెట్టింది అందుకే. ఒకసారి తేలిన తగవును అదే పక్షాలు మళ్లీ తేకూడదు. ఎందుకంటే ఎవరో ఒకరు ఈ ఏడు ఆ పొలం దున్నాలి. మీకు దున్నాల్సిన పొలం లేదు కాబట్టి ముగింపు అక్కర్లేదంటావు. కానీ ఇవాళ పేజీ చదివి వెళ్లిపోయే విద్యార్థి ఉన్నాడు. రేపు మీరు దిద్దుకున్నా వాడు మళ్లీ రాడు. వాడికి ఇవాళ్టి వాక్యమే తీర్పు.

నేను: అందుకే తెగని పేజీ నెత్తిన, దీని తటస్థత మీద వివాదం ఉందని పలక తగిలిస్తాం. అది చదివి ఎంతమంది జాగ్రత్తపడతారంటే చెప్పలేను. మీరే మా స్థానంలో ఉంటే ఏం చేస్తారు?

బాబాయి: జడ్జీని పెట్టమనను. కానీ జడ్జీ మీద ఉన్న ఒక బాధ్యత మీ మీద పెడతాను. కారణాలు చెప్పని ఉత్తర్వును పైకోర్టు కొట్టేస్తుంది. ఎందుకో తెలుసా? గెలిచినవాడికి కారణాలు అక్కర్లేదు. ఓడినవాడికి కావాలి. దేనివల్ల ఓడాడో తెలిస్తేనే ఏది పట్టుకుని అప్పీలుకెళ్లాలో తెలుస్తుంది.

నేను: పెద్ద చర్చల చివర ఆ పని చేస్తాం. అందులో పాల్గొనని అనుభవజ్ఞులు ఒకరు వచ్చి, ఏ వాదం ఏ నియమం మీద నిలిచిందో, ఏది ఎందుకు నిలవలేదో రాసి చర్చ ముగిస్తారు.

బాబాయి: పెద్ద చర్చలకే కాదు, ఇద్దరే ఉన్న చర్చకూ రాయండి. తెలుగులో ముఖ్యంగా. ఓపిక లేక లేచిపోయిన మనిషి ఏ మూలం చూపిందో, దాన్ని ఎందుకు పక్కన పెట్టారో నాలుగు వాక్యాలు. ఆరు నెలల తర్వాత కొత్త పుస్తకంతో వచ్చేవాళ్లు 40,000 మాటలు చదవక్కర్లేకుండా నేరుగా ఆ చోటికి రావాలి.

నేను: కానీ ఆ నాలుగు వాక్యాలు రాసేది కూడా ఓపిక ఉండి చివరిదాకా మిగిలినవాళ్లే కదా బాబాయ్? లేచిపోయినవాళ్ల వాదం వాళ్లు సరిగ్గా రాస్తారని నమ్మకమేంటి?

బాబాయి: నమ్మకం లేదు. అందుకే ఒక షరతు. ఎదుటివారి వాదాన్ని ‘అవును, నేనన్నది ఇదే’ అని వాళ్లు ఒప్పుకునేలా రాయలేనివాడికి ఆ చర్చ ముగించే హక్కు ఉండకూడదు.

నేను: షరతు బాగుంది. లేచి వెళ్లిపోయినవాళ్లను ఆ ‘అవును’ ఎవరు అడుగుతారు?

బాబాయి: మీరే. వాళ్ల చర్చ పేజీకి వెళ్లి అడగాలి. జవాబు రాకపోతే అడిగామనీ, రాలేదనీ కూడా ఆ నాలుగు వాక్యాల కింద రాయాలి. ఆ ఒక్క వరుస రాయడానికి వెనకాడేవాడి ఏకాభిప్రాయాన్ని నేను నమ్మను.