తప్పు తీర్పు ఎదుట శిక్షకుడు

పిల్లల ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడుగా ఉన్నవాడు ఆటలోని తీర్పరితో ఎట్లు మెలగవలెను? రెఫరీకి తీర్పరి అను తెలుగు మాట నాకు గుడి తరగతిలో మా గురువుగారు చెప్పినారు. ఈల ఊదువాడు అనుకొన్నంత కాలము నేను అతనిని లెక్కచేయలేదు. తీర్పు చెప్పువాడని తలచిన పిమ్మట ఆలోచనలో పడినాను.

ఏడేండ్ల క్రిందట ఒక శనివారము ఉదయము చాట్స్‌వర్త్‌లో పదునాలుగేండ్ల లోపు పిల్లల ఆట జరిగినది. మా జట్టు కొట్టిన గోలును తీర్పరి ఆఫ్‌సైడని త్రోసిపుచ్చినాడు. అతనికి పదునేడేండ్లు, అంతకు మూడేండ్ల ముందు నా తరగతిలో కూర్చున్న బాలుడే. "నీకు కన్నులున్నవా?" అని గీత వద్ద నుండి అరచినాను. బూతుమాట కాదు గదా అని ఆనాడు సమాధానపడినాను. కాని మిగిలిన ఆట యంతయు మా పిల్లలు ఆ మాటనే అందుకొన్నారు. వారి తల్లిదండ్రులు మరి నాలుగు చేర్చినారు. ఆట ముగిసిన పిదప కాగితముపై నా సంతకము కొరకు వచ్చినప్పుడు ఆ కుర్రవాని చేయి వణకుచున్నది. "సర్" అనియే పిలిచినాడు. మరు సంవత్సరపు ఆటలలో అతడు కనబడలేదు. గుడిలో అతని తల్లిని అడిగితే, "ఇక వెళ్ళనన్నాడు, సర్" అన్నది. అంతే.

ఆఫ్‌సైడు నిర్ణయించుట ఎంత కష్టమో ఆ తరువాత నెమ్మదిగా ఆలోచించినాను. బంతిని తన్నిన క్షణమునందే, దానిని అందుకొనబోవువాడు ఎక్కడ ఉన్నాడో చూడవలెను. తన్నువాడు ఒక చోట, అందుకొనువాడు ముప్పది గజముల దూరమున. పెద్ద ఆటలలో గీత వెంట పరుగెత్తు సహాయకులుందురు. పిల్లల ఆటలో తరచుగా తీర్పరి ఒక్కడే. 2018 ప్రపంచ కప్పు పోటీలలో వీడియో చూచి తీర్పులు దిద్దినారు. అయినను వివాదములు ఆగలేదు. నేను నిలిచినది మధ్యగీత దగ్గర. అక్కడి నుండి చూపు ఏటవాలుగా పోవును. నాకంటె అతనికే బాగుగా కనబడినదేమో.

ఇక్కడ ఒక తండ్రి నన్ను అడిగిన మాట చెప్పవలెను. "అన్యాయపు తీర్పుకు తలవంచుమని మా పిల్లలకు నేర్పుదురా, సర్? మన తాతలను అట్లు తలవంచుమన్నవారిని మరచితిరా?" ఈ ప్రశ్న నన్ను చాలా దినములు వదలలేదు. 1860 నుండి 1911 వరకు నాటాలుకు ఒప్పంద కూలీలుగా వచ్చిన మనవారికి చెరకుతోట దాటుటకు యజమాని చీటీ కావలసియుండెను. ఆ యజమానిపై ఫిర్యాదు చేయబోయిన వాడైనను చీటీ లేనిచో పట్టుబడెడివాడు. 1973లో డర్బన్‌లో ఏర్పడిన దక్షిణాఫ్రికా క్రీడా మండలి వర్ణభేదముతో కూడిన క్రీడను కాదన్నది. తలవంచకపోవుట మనకు వచ్చిన ఆస్తి. దానిని ఈల ఎదుట పారవేయమని నేనెట్లు చెప్పుదును?

కాని ఆ దినములలో కరీస్ ఫౌంటెన్ మైదానమున మన ఆటలకు తీర్పరులు ఎవరు? వారమంతయు పని చేసి సెలవునాడు ఈల పట్టిన మనవారే. చిన్ననాడు మా తండ్రిగారితో పోయి చూచినాను. అక్కడ తీర్పరిని తిట్టినవారు లేరని చెప్పను, విపరీతముగా తిట్టెడివారు. అయినను అతడు మనము నిలుపుకొన్న తీర్పరి. చెరకుతోట చట్టము దొరకు ఒకటి, కూలికి ఒకటి. మైదానపు నియమము రెండు జట్లకును ఒక్కటే. తప్పినచో అది కంటి పొరపాటు. కంటి పొరపాటునే అన్యాయమని పిలుచుట పిల్లలకు అలవాటైనచో, నిజమైన అన్యాయము ఎదురైన నాడు దానిని ఏ పేరుతో పిలుతురు? ఆ తండ్రికి ఇంతే చెప్పినాను. ఆయన పూర్తిగా ఒప్పుకొనలేదు.

పిల్లవాడు తలకు దెబ్బ తగిలి పడినప్పుడు శిక్షకుడు ఈల కొరకు చూడక అరువవలసినదే. పక్షపాతము కనబడినచో ఆ రాత్రి నిద్రపోయి, మరునాడు లీగు వారికి వ్రాయవలెను. నేను అట్లు రెండు లేఖలు పంపినాను, మూడు చించివేసినాను. సందేహమున్నచో జట్టు నాయకుని చేత అడిగింపవచ్చును. 2024 యూరో పోటీలలో పెద్దలకే ఈ కట్టుబాటు పెట్టినారు. 2019 నుండి శిక్షకునికి సైతము పసుపు, ఎఱ్ఱ కార్డులు చూపు అధికారము తీర్పరికి కలదు. కార్డు భయముతో చూపిన మర్యాదను పిల్లలు ఇట్టే పసిగట్టుదురు.

నెదర్లాండ్స్ దేశమున ఆల్మేర్ పట్టణములో 2012 డిసెంబరులో, పిల్లల ఆటకు గీత వద్ద జెండా పట్టిన ఒక తండ్రిని ఎదుటి జట్టు కుర్రవాండ్రు కొట్టినారు. మరునాడు ఆయన మరణించినాడు. నా అరుపుకును ఆ దెబ్బకును నడుమ దూరమెంతో కొలుచుట నాకు చేతకాదు. త్రోవ మాత్రము ఒక్కటేయని తోచుచున్నది.

ఈ సంవత్సరము మా మొదటి ఆటకు పదహారేండ్ల బాలిక తీర్పరిగా వచ్చినది. మాకు రావలసినదని తోచిన పెనాల్టీని ఇవ్వలేదు. తల్లిదండ్రులందరు నా వైపు చూచినారు. నేను చేతులు జేబులలో పెట్టుకొని నిలిచినాను. అది పెనాల్టీయో కాదో నాకిప్పటికిని తెలియదు.