బిగిసిపోయిన కట్టు

(ధ్యాన పాఠములు: యెషయా 38, మత్తయి 5:23, 24)



ముప్కాల్‌లో పసుపు ఉడికించు దినములలో మేము ఒక విశ్వాసి కళ్లమునకు వెళ్లితిమి. ఆ పని ఎట్టిదో మీలో అనేకులకు మేము చెప్పనక్కరలేదు. తొమ్మిది నెలలు నేలలోనున్న కొమ్ములను త్రవ్వి, ఉడికించి, పది పదిహేను దినములు ఎండబెట్టి, డ్రమ్ములో వేసి త్రిప్పుదురు. డ్రమ్ము తిరుగునప్పుడు లేచు ధూళి మనుష్యుని తల వెండ్రుకలు మొదలుకొని కాలిగోళ్ల వరకు పసుపుగా చేయును.

ఆ ధూళిలో నిలిచియున్న మన సహోదరుని చేతికి ఒక గడియారముండెను. ఆయన ఇరువది నాలుగు ఏండ్లు దుబాయిలో పనిచేసి వచ్చినవాడు. తిరిగి వచ్చునప్పుడు యజమానుడు తాను ధరించిన స్విట్జర్లాండు గడియారమును తీసి ఆయనకిచ్చెనట. దాని వెలతో పొలము కొనవచ్చునని ఊరిలో అనుకొందురు. మేము వెల అడుగలేదు.

“అయ్యగారూ, అద్దం చుట్టూ ఉన్న ఈ కట్టు తిరుగుతలేదు. మా పోరగాడు పటకారు తెస్తా అన్నడు. నేనే వద్దన్న” అని ఆయన చెప్పెను.

ఆ కట్టు అలంకారము కాదు. సముద్రములో మునిగి పనిచేయువారి కొరకు 1953లో బ్లాంక్‌పెయిన్, రోలెక్స్ సంస్థలు ఇట్టి గడియారములు చేసినవి. మునుగువాడు నీటిలోనికి దిగునప్పుడు కట్టు మీది గుర్తును నిమిషముల ముల్లునకు ఎదురుగా పెట్టును. తరువాత ముల్లు ఆ గుర్తునుండి ఎంత దూరము జరిగెనో చూచి, ఎన్ని నిమిషములు గడచెనో, వీపు మీది గాలి ఎంత మిగిలెనో తెలిసికొనును. తరువాతి కాలమున దానిని ఎడమవైపునకు మాత్రమే తిరుగునట్లు చేసిరి. ఏ రాయికో తగిలి కట్టు కదలినను, గడచిన కాలము ఎక్కువగా కనబడునే గాని తక్కువగా కనబడదు. అప్పుడు వాడు ముందుగానే పైకి వచ్చును, ఆలస్యముగా రాడు. దీనిని ఆలోచించినవాడు ప్రాణము విలువ ఎరిగినవాడని మాకు తోచినది.

హిజ్కియా రాజు మరణకరమైన రోగములో ఉన్నప్పుడు ఆహాజు ఎండ గడియారము మీద నీడ పది మెట్లు వెనుకకు పోయెనని యెషయా గ్రంథములో చదువుచున్నాము. పదునైదు సంవత్సరములు ఆయుష్షు ఆయనకు కలిసివచ్చెను. తరువాతి అధ్యాయములో ఆయన బబులోను దూతలకు తన ధనాగారమంతయు చూపించి గొప్పలు పోయెను! అది వేరే ప్రసంగము. నీడను వెనుకకు నడిపించుట దేవునికి చెల్లును. మన చేతి కట్టు ఒక్క వైపునకే తిరుగును.

మేము సహోదరునితో కలిసి ఆర్మూరులో గడియారములు బాగుచేయు ఒక వృద్ధుని యొద్దకు వెళ్లితిమి. ఆయన భూతద్దము కంటికి పెట్టుకొని చూచి, “బలం పెట్టకుండ్రి. లోపల సన్నని స్ప్రింగు ఉంటది, విరుగుతది” అనెను.

“మరి రెండు చుక్కల నూనె?” అని మేమడిగితిమి.

“నూనె ఎస్తే ఇయ్యాల తిరుగుతది. రేపు ఆ నూనెకే దుమ్ము అంటుకుంటది, అయ్యగారూ.”

ఆయన గడియారము అంచు గీతలు పడకుండ చుట్టును టేపు అంటించి, పలుచని బ్లేడు కట్టు క్రింద పెట్టి, ఒక్క చోటనే ఎత్తక, చుట్టును కొంచెము కొంచెముగా లేపెను. కట్టు టక్కున ఊడివచ్చెను. క్రింద స్ప్రింగును, గట్టిపడి పెళుసైన రబ్బరు చుట్టును కనబడెను. వాటి నడుమ నల్లని, పచ్చని మడ్డి పేరుకొనియుండెను. ఇనుప సూది వాడక, చెక్కిన వెదురు పుల్లతో ఆ మడ్డిని తెల్ల కాగితము మీదికి తీసెను. కట్టును మాత్రము గోరువెచ్చని సబ్బు నీటిలో మెత్తని బ్రష్షుతో కడిగి, బాగుగా ఆరబెట్టెను. పాత గడియారములోనికి నీరు చొరకుండునని నమ్మరాదట, కాబట్టి దానిని నీటిలో ముంచలేదు. క్రొత్త రబ్బరు చుట్టు వేసి, దానికి సిలికాన్ గ్రీజు తడి తగిలించి, రెండు బొటనవ్రేళ్లతో సమముగా నొక్కెను. 1960ల నాటివరకు కొన్ని గడియారముల అంకెలకు రేడియము కలిసిన రంగు పూసెడివారు. దానిని గీకుట ప్రమాదకరము గనుక అంత పాతవాటిని ఇంటిలో ఎవరును విప్పవద్దని కూడ ఆయన చెప్పెను.

సహోదరుడు కాగితము మీది మడ్డినే చూచుచుండెను. “తుప్పా?” అని అడిగెను.

“ఉక్కు మంచిగనే ఉన్నది. చెమట, సబ్బు, పసుపు దుమ్ము. ఒక్కనాటిది కాదు” అని వృద్ధుడు చెప్పెను.

ప్రియులారా, ఈ సహోదరుడును ఆయన తమ్ముడును మన సంఘములోనే రెండు ప్రక్కల బల్లల మీద కూర్చుందురు. పదకొండేండ్లుగా మాటలు లేవు. ఇది అందరు ఎరిగినదే గనుకను, ఆయన సెలవిచ్చెను గనుకను వ్రాయుచున్నాము. తల్లి చనిపోయినప్పుడు, “రెండు దినములు ఆగుడి, వచ్చుచున్నాను” అని ఆయన దుబాయి నుండి ఫోను చేసెను. తమ్ముడు ఆగలేదు. అది మే నెల. ఆయన వచ్చునప్పటికి సమాధి మీద మట్టి ఆరియుండెను. ఆ తరువాత బోరు నీళ్ల వంతు, పెండ్లి పిలుపు రాకపోవుట, ఇట్టివన్నియు ఒకదాని మీద ఒకటి చేరినవి.

మేము చేసినదేమి? ఒక క్రిస్మస్ ఆరాధనలో అందరి యెదుట వారి చేతులు పట్టి కలిపితిమి. మరుసటి వారము ఇద్దరును ఆరాధనకు రాలేదు. తరువాత ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి, నీవు మంచివాడవు, పోనిమ్మని తియ్యని మాటలు చెప్పి, చాయ్ త్రాగి వచ్చితిమి. మొదటిది పటకారు, రెండవది నూనె. ఆ దుకాణములో నిలిచినప్పుడు మాకు సిగ్గు కలిగెను. తల్లి భూస్థాపన మాట పైకెత్తి అడుగుటకు మాలో ఒక్కనికిని ధైర్యము లేకపోయెను.

తిరిగి వచ్చునప్పుడు బస్సులో సహోదరుడు దారి పొడుగునను ఆ కట్టును త్రిప్పుచు, టిక్కు టిక్కుమను శబ్దము వినుచుండెను. బాల్కొండ దాటిన తరువాత ఇట్లనెను: “అమ్మను ఎందుకు ఆపలేదని వాన్ని నేను ఎన్నడు అడగలే, అయ్యగారూ. ఊర్లె అందరికి చెప్పిన, వాన్ని మాత్రం అడగలే.”

బలిపీఠము నొద్ద అర్పణమును విడిచి ముందు సహోదరుని యొద్దకు వెళ్లవలెనని ప్రభువు చెప్పిన మాట మేము ఎన్నోసార్లు ప్రసంగించితిమి. ఆ బస్సులో దానిని ఎత్తలేదు, ఆయనకు తెలియును.

శనివారము సాయంత్రము తమ్ముని కళ్లములో డ్రమ్ము ఆగిన తరువాత వెళ్లెదనని చెప్పెను. మమ్మును వెంట రమ్మనెను గాని, లోపలికి రావద్దు, రోడ్డు మీదనే నిలువుడనెను. ఈ పత్రిక మీ చేతికి అందునప్పటికి ఆ శనివారము గడచియుండును. మేము దీనిని వ్రాయుచున్నది గురువారము రాత్రి.